పూజకు కోస్తే భక్తి, కూరకు కోస్తే దొంగతనం

పోయిన ఎండాకాలం హైదరాబాదులో మా కాలనీలో ఒక దొంగతనం జరిగింది. దొంగ వయసు అరవై దాటింది. దొంగసొత్తు, కొంగులో పట్టినంత చింతచిగురు.

ఆమె మా కాలనీ గోడ అవతలి బస్తీలో ఉంటుంది. అందరూ అవ్వ అనే పిలుస్తారు. ఏటా ఎండలు ముదిరే రోజుల్లో, బాగా తెల్లవారకముందే దోటికర్ర పట్టుకుని వచ్చి, మూడో వీధి మలుపులో ఉన్న చింతచెట్టు చిగురు దూసుకుంటుంది. పుల్లలూ ముదురాకులూ ఏరి పారేసి, బస్టాపు పక్కన గోనెపట్టా మీద కుప్పలు పోసి అమ్ముతుంది. మిగతా ఏడాదంతా రెండిళ్ళలో అంట్లు తోముతుంది. చిగురు వచ్చే ఆ కొద్ది వారాలే ఆమె చేతిలో నాలుగు డబ్బులాడే కాలం. మా కాలనీలో సగం ఇళ్ళలో చింతచిగురు పప్పు ఆమె కుప్పలోంచి వచ్చిందే.

ఆ రోజు వాచ్‌మన్ ఆమె దోటికర్ర లాక్కున్నాడు. కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి బనీనుతోనే బయటికి వచ్చి, ఎవరినడిగి కోస్తున్నావని గద్దించాడు. అవ్వ ఏమీ బెదరలేదు. "చెట్టు మీరు పెట్టిండ్రా సారూ? మీ బంగ్లాలు లేనప్పటి సంది ఉన్నదిది. మా అత్త గూడ ఈడనే దూసింది" అంది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు కాబట్టి పోలీసుల పేరెత్తాడు. కొంగు విదిలించి చిగురంతా రోడ్డు మీద పోయించారు. వారంలోగా చెట్టుకు మేకులు కొట్టి రేకు బోర్డు వేలాడదీశారు: ఆకులు, కాయలు కోయరాదు, అతిక్రమించిన వారిపై చర్య తీసుకోబడును.

నేను వెళ్ళి అడిగాను. "మీకు తెలీదు మేడమ్, ఇవాళ చింతచిగురంటారు, రేపు ఆరేసిన బట్టలంటారు" అన్నాడాయన. విషయం అదీ. భయం చెట్టు గురించి కాదు, ఆ మనిషి మన వీధిలో నడవడం గురించి.

వానాకాలం వచ్చింది. కొమ్మల మీద పిట్టలు కార్ల మీద రెట్టలు వేస్తున్నాయని, వీధి వైపు ఉన్న పెద్ద కొమ్మలన్నీ అదే సంఘం వాళ్ళు కొట్టించారు. రెండు ట్రాలీల కలప పోయింది. ఎక్కడికి పోయిందో, ఎవరమ్ముకున్నారో ఎవరూ అడగలేదు. దాన్ని దొంగతనమని ఒక్కరూ అనలేదు.

ఇంకొక దృశ్యం మీకందరికీ తెలిసిందే. మన నగరాల్లో ఏ వీధికైనా సరే పొద్దున అయిదున్నరకు వెళ్ళి చూడండి. నడకకు వచ్చిన పెద్దమనుషులు, ఆడా మగా, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని కనబడతారు. ఒకరింటి గోడ మీంచి వాలిన మందారాలు, ఇంకొకరి గేటు పక్క నందివర్ధనాలు, పార్కులో గన్నేరు, చెట్టు కింద రాలిన పారిజాతాలు, అందినవన్నీ కవరులోకి పోతాయి. కొందరు కొమ్మ వంచడానికి గొడుగు కొక్కెం కూడా తెచ్చుకుంటారు. ఇంటివాళ్ళు లోపల విసుక్కుంటారేగాని పోలీసులను పిలవరు. దేవుడి పేరు చెప్పాక ఎవరేమంటారు? పూజకు కోస్తే భక్తి. కూరకు కోస్తే దొంగతనం. కోసిన చెయ్యి ఏ కులానిది, ఏ ఇంటిది అన్నదాన్ని బట్టి చెట్టుకు యజమాని పుట్టుకొస్తాడు.

వినాయకచవితి ముందు రోజు పత్రి ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించామా? బోనాలకు వేపమండలు, ఉగాదికి వేపపువ్వు, గుమ్మానికి మామిడాకులు, ఇవన్నీ బస్తీల ఆడవాళ్ళు తెల్లవారుజామున నగరమంతా తిరిగి, ఖాళీ ప్లాట్లలోంచీ సందుల్లోంచీ కోసి తెచ్చి మార్కెట్ల బయట నేల మీద కూర్చుని అమ్మితేనే మన పండుగలు జరుగుతున్నాయి. ఆ ఒక్కరోజు వాళ్ళు కోసింది మనకు పవిత్రం. మర్నాడు అదే స్త్రీ అదే కొమ్మ ముట్టుకుంటే వాచ్‌మన్ విజిల్ ఊదుతాడు.

ఈ నగరం పేర్లు ఒకసారి నెమరు వేసుకోండి. నింబోలి అడ్డా, ఇమ్లిబన్, సీతాఫల్‌మండి, జాంబాగ్, తాడ్‌బన్, చింతల్, చింతలకుంట, నేరేడ్‌మెట్. విశాఖపట్నం వెళితే వేపగుంట, మర్రిపాలెం, తాటిచెట్లపాలెం. వేప, చింత, సీతాఫలం, జామ, తాడి, నేరేడు, మర్రి: జనం చోటును గుర్తుపెట్టుకున్నది చెట్టుతోనే, అదీ తినడానికో నీడకో పనికొచ్చే చెట్టుతో. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు నూట యాభై మందికి పైగా ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పుడు దాన్ని చూపించి వారసత్వ సంపద అంటాం. మంచిదే. అలాంటి చింతచెట్టు మన వీధిలో ఉంటే మాత్రం రాలిన ఆకు ఎవరు ఊడుస్తారని తగువు పెట్టుకుంటాం.

నాటుతున్నదేమిటి? రోడ్ల పక్కన తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు ఎప్పటి నుంచో ఉన్నాయి. నీడ మంచిదే, వాటి మీద నాకు కోపం లేదు. కాని గత పదేళ్ళ సంగతి వేరు. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టారు. వానలు తిరిగి రావాలి, కోతులు అడవికి తిరిగి పోవాలి అన్నది నినాదం. 2019 పురపాలక చట్టం మున్సిపాలిటీల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలంది. నాటిన వాటిలో 85 శాతం బతకాలనీ, లేకపోతే వార్డు సభ్యుల పదవికే ముప్పనీ అంది. వినడానికి బాగానే ఉంది. కాని లెక్క చూపించాల్సినవాడు ఏ మొక్క నాటుతాడు? నీళ్ళు పోయకపోయినా బతికేది, మేక మూతి పెట్టనిది, పిల్లలు ఎక్కనిది, కాయ కాయనిది. అలా వచ్చింది కొనోకార్పస్. పచ్చగా గోడలా పెరిగింది. ఒక పిట్టకు పండు లేదు, ఒక మేకకు మేత లేదు, ఒక పొయ్యికి పుల్ల లేదు. పుప్పొడితో శ్వాస ఇబ్బందులొస్తున్నాయనీ, వేళ్ళు పైపుల్లోకి పోతున్నాయనీ ఫిర్యాదులు వచ్చాక, 2022లో నాటొద్దని ఆదేశాలిచ్చారు. అప్పటికే ఊరూరా నిలబడి ఉంది.

విశాఖలో ఇంకో కథ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఊరి చెట్లన్నీ కూలిపోయాయి. మళ్ళీ పచ్చదనం తొందరగా రావాలని ఏడాకుల పాల చెట్లు వీధుల వెంట బారుగా నాటారు. ఇప్పుడవి పూసే కాలంలో సాయంత్రాలు ఆ ఘాటుకు తలనొప్పి, ఆయాసం అని జనం మొత్తుకుంటున్నారు. నగరమంతా ఖాళీ అయి కొత్తగా నాటుకునే అవకాశం వచ్చినప్పుడైనా, వీధిలో ఏ చెట్టుంటే నీకు బాగుంటుందమ్మా అని వీధిలో బతికే స్త్రీని అడిగి ఉండాల్సింది. నర్సరీలో ఏది దొరికితే అది, కాంట్రాక్టరుకు ఏది గిట్టుబాటైతే అది పెట్టారు.

ఎవరికీ పనికిరాని చెట్టే అధికారుల దృష్టిలో మంచి చెట్టు. పనికొచ్చే చెట్టు దగ్గరికి మనుషులు వస్తారు, ఆ మనుషులు పేదవాళ్ళు. చెట్టును చూడటానికి వచ్చేవాళ్ళు పౌరులు, చెట్టుతో పని ఉండి వచ్చేవాళ్ళు ఆక్రమణదారులు. సుందరీకరణ అనే మాట వెనక ఉన్న ఆలోచన ఇదే. ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్ళను లేపేసి అక్కడ పూలకుండీలు పెట్టే ఆలోచనకు ఇది తోబుట్టువు.

హరితహారంలో ఇళ్ళకు కరివేపాకు, జామ, దానిమ్మ మొక్కలు పంచారు కదా అంటారు. పంచారు. పెరడు ఉన్నవాళ్ళకు. ఒక్క గది అద్దెకు తీసుకుని అయిదుగురు పడుకునే ఇంట్లో, నీళ్ళ డ్రమ్ము పెట్టడానికే చోటు లేని సందులో, ఆ మొక్క ఎక్కడ నాటాలి? బస్తీ ఆడమనిషికి వీధే పెరడు. అంట్లు తోమేది వీధిలో, బట్టలారేసేది వీధిలో, పిల్లకు తల దువ్వేది వీధిలో. ఆ వీధిలో ఒక మునగ, ఒక కరివేపాకు, ఒక నేరేడు ఉండటమంటే ఆమెకు పెరడు ఉండటమే.

ఇక చట్టం సంగతి. వీధులూ, వీధి వెంట ఉన్న చెట్లూ మున్సిపాలిటీ అధీనంలోవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అంటున్నది, చెట్టు నరకాలంటే అనుమతి కావాలంటుంది. అది ఉండాల్సిందే. కాని నరకడం గురించి ఇంత ఆలోచించిన చట్టం, కోసుకునేవాళ్ళ హక్కు ఊసెత్తదు. ఉన్నదల్లా వేలం. రోడ్ల శాఖా, పంచాయతీలూ, దేవాలయాలూ చింతచెట్ల ఫలసాయం ఏటా వేలం వేస్తుంటాయి. పాడుకున్న కాంట్రాక్టరు మనుషులను పెట్టి దులిపించుకుపోతాడు. చెట్టు కింద కాయ ఏరుకున్న స్త్రీ అప్పటి నుంచి అతని సొత్తు ఎత్తుకుపోయినది అవుతుంది. ప్రభుత్వానికి వచ్చేదెంత? ఆ నాలుగు రూపాయల కోసం ఎంతమంది నోటి దగ్గర ముద్ద తీస్తున్నారన్న లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

నేల ఒకరిదైతే చెట్టు పంట ఇంకొకరిది ఎలా అవుతుంది, అది కుదరదు అని మొన్న ఒక అధికారి నాతో వాదించాడు. ఎందుకు కుదరదు? సర్కారు నేలలో ఉన్న తాటిచెట్టును, ఈతచెట్టును గీసే హక్కు గీత సహకార సంఘాలకూ, చెట్టు గీసేవాళ్ళకు విడిగానూ ఎక్సైజు శాఖే లైసెన్సు రాసి ఇస్తోంది. నేల సర్కారుది, కల్లు గీసినవాడిది. గీత కార్మికులు పోరాడి నిలబెట్టుకున్న హక్కది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. అడుగుతున్నదల్లా ఒకటే. మగవాళ్ళు ఎక్కే చెట్టు విషయంలో అర్థమైన న్యాయం, ఆడవాళ్ళు దోటితో అందుకునే చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అర్థం కావడం లేదు? షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులు గ్రామసభవని 1996లో పెసా చట్టం చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం వాటి మీద యాజమాన్యం అడవిలో బతికేవాళ్ళదేనంది. అమలులో ఎంత మోసం జరుగుతోందో మనకు తెలుసు, అయినా హక్కని కాగితం మీద ఉంది. ఆ అడవి పల్లెల నుంచి, ఎండిపోయిన పొలాల నుంచి నగరానికి వలస వచ్చిన స్త్రీకి ఏరుకునే నైపుణ్యం వెంట వచ్చింది. హక్కు ఒక్కటే పొలిమేర దగ్గర ఆగిపోయింది.

వీధులు ఊడ్చే స్త్రీల మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నగరాల్లో చీపురు పట్టేది ఎక్కువగా దళిత స్త్రీలు. రాలిన ప్రతి ఆకూ, చితికిన ప్రతి నేరేడుపండూ వాళ్ళ నడుము మీదే పడుతుంది. చెట్లు పెంచండి అని మనం ఉత్సాహంగా తీర్మానం చేస్తే, ఆ ఉత్సాహం వాళ్ళకు ఇంకో గంట వంగి ఊడ్చే పని. మొన్న ఒక సమావేశంలో ఒకామె లేచి అడిగింది: "చెత్త మాది, కాయ మీదా అక్కా?" దీనికి జవాబు చెప్పకుండా వీధుల్లో పండ్ల చెట్లు కావాలని అడిగే నైతిక హక్కు మనకు లేదు. ఆ వీధి ఊడ్చేవాళ్ళకు ఆ వీధి చెట్ల ఫలసాయంలో మొదటి వాటా ఉండాలి. ఆకు చెత్త పెరిగినందుకు మనుషులను పెంచాలి, అంతేగాని అదే మనిషి మీద ఇంకో వీధి వేయకూడదు.

అభ్యంతరాలు చాలా వింటున్నాం. పండ్ల చెట్టు పెడితే కోతులొస్తాయట. కోతులు ఇప్పటికే వచ్చాయి. అడవి అంచుల్లో, పొలం గట్ల మీద పండ్ల చెట్లు లేకుండా చేస్తే అవి వంటిళ్ళకు వచ్చాయి. వీధిలో ఒక నేరేడు చెట్టు లేకపోతే తిరిగి వెళ్ళిపోతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా మునగాకు, కరివేపాకు, చింతచిగురు, అవిసె, కుంకుడు, వేప, కానుగ వీటిలో ఎన్నింటి కోసం కోతులు కాపు కాస్తాయి?

పిల్లలు చెట్లెక్కి పడిపోతారట. మునగ కొమ్మ పెళుసన్నది నిజం, ఎక్కకూడదని చెప్పాలి. రోడ్డు మీద పిల్లలను గుద్దేస్తున్న వాహనాల గురించి కూడా కాలనీ సంఘాలు ఇంత బెంగ పెట్టుకుంటే సంతోషిస్తాను.

కాలుష్యం గురించిన మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లో ఆగిపోయినా, పొగ ఉంది, టైర్ల దుమ్ము ఉంది, ఎన్నో ఏళ్ళుగా మట్టిలో పేరుకున్నది ఉంది. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆకుకూర కోసుకుని తినొద్దు అంటే ఒప్పుకుంటాను. అక్కడ నీడ చెట్లే పెట్టండి. నేను అడుగుతున్నది ఇళ్ళ మధ్య సందులు, కాలనీ వీధులు, బడి గోడలు, అంగన్‌వాడీ ముంగిళ్ళు. కోసినది బాగా కడుక్కోవాలనీ, మురుగుకాలవ అంచున మొలిచినది వద్దనీ మన స్త్రీలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం అడగాలనిపిస్తుంది. రోడ్డు పక్క ఆకులో విషముందని బాధపడే పెద్దలు, ఆ రోడ్డు మీదే పొద్దున నాలుగింటి నుంచి దుమ్ము పీలుస్తూ ఊడ్చే ఆడమనిషి ఊపిరితిత్తుల గురించి ఎప్పుడు మాట్లాడారు?

ఆహారం సంగతికి వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. వందలో యాభై ఏడెనిమిది మంది! మునగాకు తింటే ఇదంతా పోతుందని నేననను. అలా రాసే వాళ్ళను చూస్తే నాకు అనుమానం. కూలి పెంచక్కర్లేదు, రేషను పెంచక్కర్లేదు, మునగాకు తినమని చెబితే చాలు అనే ప్రభుత్వాలను మనం చూశాం. ఆకుల్లో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువే, పులుపు తోడైతే కొంత మేలు. కాని రోజూ బియ్యం, పప్పు నీళ్ళు, పచ్చడి మెతుకులతో గడిపే ఇంట్లో ఒక గుప్పెడు ఆకు డబ్బు పెట్టకుండా దొరకడం చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో కూర తక్కువైనప్పుడు ఎవరి కంచంలో తక్కువవుతుందో మనకు తెలుసు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఈ మాటే ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు: విత్తకుండా చేలో మొలిచే ఆకుకూరలు కలుపు కాదు, ఆహారం, కలుపుమందు కొట్టి చంపుతున్నది మా కూరను అని. నగరంలో కలుపుమందు చేసే పనిని ఇక్కడ సుందరీకరణ చేస్తోంది.

ఇక్కడ మన మిత్రులతో నాకొక పేచీ. స్త్రీ ప్రకృతికి సహజంగా దగ్గర, చెట్టుకూ స్త్రీకీ ఏదో అనుబంధం ఉంది అనే ధోరణిలో మన పత్రికల్లో కూడా రచనలు వస్తున్నాయి. అవ్వకు చింతచెట్టు మీద ప్రత్యేకమైన ఆరాధన ఏమీ లేదు. పింఛను సరిపోయినంత వస్తే ఆమె ఆ వయసులో దోటి పట్టుకుని తెల్లవారుజామున మెడ నొప్పెట్టేలా పైకి చూడదు. బీనా అగర్వాల్ 1992లో రాసిన వ్యాసంలో ఈ విషయమే స్పష్టం చేశారు. చెట్టుతో స్త్రీకి ఉన్న సంబంధం స్వభావంలో లేదు, ఇంట్లో ఏ పని ఎవరి మీద పడుతుంది, ఆస్తి ఎవరి పేరిట ఉంది అన్నదానిలో ఉంది. కాబట్టి అడగాల్సింది హక్కు. అనుబంధం గురించి కవులు చూసుకుంటారు.

వేప సంగతి చూస్తే ఇదంతా ఇంకా స్పష్టమవుతుంది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మాదని అమెరికా వ్యవసాయశాఖ, గ్రేస్ కంపెనీ కలిసి 1994లో యూరోపియన్ పేటెంటు సంపాదించాయి. వందనా శివ, మాగ్దా ఆల్వూట్, లిండా బుల్లార్డ్ అనే ముగ్గురు స్త్రీలు ముందుండి దాన్ని సవాలు చేశారు. 2000లో పేటెంటు రద్దయింది, 2005లో అప్పీలు కూడా ఓడిపోయింది. వేప మనది, మన అమ్మమ్మల జ్ఞానం అని మనమంతా గర్వపడ్డాం. సరే, జూన్, జులైలలో మన వీధి వేపచెట్ల కింద రాలిన పండ్లు ఏమవుతున్నాయి? చీపురుకు చిక్కి చెత్త లారీ ఎక్కుతున్నాయి. రసాయనాలు లేకుండా పండించే రైతులకు వేపగింజల పొడి కావాలి, పల్లెల్లో మహిళా సంఘాలు కొంటున్నాయి. నగరంలో ఏరేవాళ్ళూ ఉన్నారు, కొనేవాళ్ళూ ఉన్నారు, మధ్యలో గేటు ఉంది. కంపెనీ నుంచి వేపను కాపాడుకుని కాలనీ సంఘానికి అప్పజెప్పామా? పైగా ఈ మధ్య ఏళ్ళుగా తెగులుతో వేపచెట్లు పైనుంచి ఎండిపోతూ వస్తున్నాయి. ఏ చెట్టు ఎప్పుడు ఎండింది, ఏది మళ్ళీ చిగిర్చింది అని ఏటా వాటి కింద తిరిగే స్త్రీలనడిగితే చెబుతారు. అడిగే శాఖ ఏదీ లేదు.

వీళ్ళు కోస్తే చెట్టు పాడవదా అనే ప్రశ్న కూడా ఉంది. పాడవుతుంది, హక్కు లేని చోట. ఎప్పుడు తరిమేస్తారో తెలియని మనిషి కొమ్మ విరుచుకుని పరిగెత్తుతుంది. వచ్చే ఏడూ నాదే అని తెలిస్తే కొసచిగురు వదిలి దూస్తుంది. పండుగ ముందు వేపమండల కోసం చిన్నచెట్లను మోడు చేసే ముఠాలూ ఉన్నాయి, వాటిని వెనకేసుకు రావడం లేదు. కట్టుబాట్లు కావాలి. వాటిని కోసేవాళ్ళే కూర్చుని పెట్టుకోవాలి.

అడగడానికి మనకు దారులు కొన్ని ఉన్నాయి, వాడుకోవడం లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో, అంటే మున్సిపాలిటీల్లో కూడా, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలుండాలి, షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్ళుండాలి. ఆ కమిటీ జనం నోటి నుంచి విని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో తెలుసా? వెళ్ళి పేర్లడగండి. ఆకులమ్మే ఒక్క స్త్రీ అందులో ఉంటే నాకు ఉత్తరం రాయండి. 2014 వీధి విక్రేతల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో నలభై శాతం విక్రేతల ప్రతినిధులుండాలనీ, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలనీ అంది. చింతచిగురు, మునగాకు, పత్రి అమ్మేవాళ్ళు రోజూ ఒకచోట కూర్చోరు, కాలాన్ని బట్టి వస్తారు కాబట్టి సర్వేలో దొరకరు, గుర్తింపు కార్డు రాదు. కాలాన్ని బట్టి అమ్మేవాళ్ళకు కూడా కార్డు ఇవ్వాలని ఆ కమిటీల్లో పట్టుబట్టాలి.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. వీధి చెట్ల ఫలసాయం వేలం ఆపాలి. ఇంటి గోడ లోపలి చెట్టు మినహా, బహిరంగ వీధిలో ఉన్న చెట్టు ఆకు, పువ్వు, కాయ, రాలిన పుల్ల మీద ఆ వార్డులో ఊడ్చేవాళ్ళకూ, ఏరుకుని బతికేవాళ్ళకూ రాతపూర్వకమైన హక్కు ఉండాలి. వానాకాలానికి ముందు కరెంటు తీగల కింద కొట్టే కొమ్మలు కాంట్రాక్టరుకు కాకుండా బస్తీకి చేరాలి. గ్యాసు కనెక్షను ఉంది కదా అంటారు. సిలిండరు అయిపోయిన వారం వాళ్ళ ఇంటికొచ్చి చూడమనండి. ఏ వీధిలో ఏ మొక్క నాటాలో ఆ వీధి స్త్రీలతో సభ పెట్టి నిర్ణయించాలి. చర్య తీసుకోబడును అనే బోర్డులు కాలనీ సంఘాలకు వేసే అధికారం ఎవరిచ్చారో మున్సిపాలిటీ చెప్పాలి.

మన సంఘాల గురించి కూడా ఒక మాట. జూన్ 5న బ్యానరు కట్టి, ఫొటో దిగి మనం నాటుతున్న మొక్కలేమిటో ఎప్పుడైనా చూసుకున్నామా? అటవీశాఖ నర్సరీ వాడు ఆటోలో ఏది వేస్తే అది. నేను కూడా అలా నాటినదాన్నే. మా ఆఫీసు ముందున్న కొనోకార్పస్ నా చేతులతో పెట్టిందే, ఇప్పుడది రెండంతస్తులు పెరిగింది.

అవ్వ ఈ ఏడు మా వీధికి రాలేదు. దోటికర్ర ఇంకా వాచ్‌మన్ గదిలోనే ఉంది. మేం కొందరం బస్తీలోని ఆడవాళ్ళతో కలిసి చుట్టుపక్కల నాలుగు వీధుల చెట్ల జాబితా రాయడం మొదలుపెట్టాం: చెట్టు పేరు, ఎక్కడ ఉంది, ఏ నెలలో ఏమిస్తుంది, ఎవరు కోసేవారు, ఎవరు ఆపారు. వాటిలో చివరి గడి రాసేటప్పుడే అందరికీ నోరు పెగులుతోంది. జాబితా పూర్తయ్యాక వార్డు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాం. మీ బస్తీలో, మీ ఊళ్ళో ఇలాంటి జాబితాలు రాసి వచ్చే సంచిక లోపు పత్రికకు పంపండి. కాగితం మీద చేత్తో రాసినవైనా సరే.